తాను వేసిన పన్ను తానే తగ్గించమన్న దొర



డిగ్రీ పూర్తయ్యాక ఎం.బి.ఎ.లో చేరే పిల్లలు ఇప్పుడు మన విచారణలన్నిటిలోనూ ఉన్నారు. వారి పుస్తకాలు తిరగేస్తే బాధ్యతాయుత నాయకత్వం అనే పాఠం కనిపిస్తుంది. సంస్థను నడిపేవాడు పైనున్న యజమానికి లెక్క చెబితే సరిపోదు, తన నిర్ణయం భారం మోసే చివరి మనిషికి కూడా జవాబుదారీ అని దాని సారం. హిందూపురం, పెనుకొండలకు చేరువలో పాలసముద్రం దగ్గర 2024 జనవరిలో కస్టమ్స్, పరోక్ష పన్నుల అధికారుల జాతీయ అకాడమీ ప్రారంభమైంది. రేపు దేశానికి పన్నులు వసూలు చేయబోయే యువతీయువకులు అక్కడ శిక్షణ పొందుతున్నారు. రెండు వందల ఏళ్ళ క్రితం అదే నేలమీద పన్ను వసూలు చేసిన సర్ థామస్ మన్రో పేరు మీలో పెద్దవారు వినే ఉంటారు. ఈ వారం ఆయన జీవితం చూద్దాం.

మన్రో 1761లో స్కాట్లాండులోని గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి వర్తకుడు. అమెరికా యుద్ధంతో వ్యాపారం దెబ్బతిని కుటుంబం చితికిపోయింది. కుర్రవాడు ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి 1780లో మద్రాసులో దిగాడు. హైదరాలీతో యుద్ధాలలో పాల్గొన్నాడు. అసలు చదువు మాత్రం 1792 తర్వాత మొదలైంది. సేలం వైపు బారామహల్‌లో కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ కింద ఏడేళ్ళు ఊరూరా తిరిగి, భూమి లెక్కలు, రైతు కష్టసుఖాలు నేర్చుకున్నాడు. ఆయన పోస్టు గ్రాడ్యుయేషన్ అదే అనుకోండి!

1800లో నిజాం నవాబు కంపెనీకి అప్పగించిన సీమనే దత్తమండలం అన్నారు. బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలు అందులోవి. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం కూడా అలాగే కంపెనీ చేతికి వచ్చాయి. దానికి ప్రిన్సిపల్ కలెక్టరుగా మన్రో వచ్చి ఏడేళ్ళు ఉన్నాడు. మొదట అనంతపురంలో మకాం పెట్టినా, ఎక్కువ కాలం డేరాలలోనే గడిపాడు. కింద నలుగురు సబ్ కలెక్టర్లు.

ఆయనను పుణ్యపురుషుణ్ణి చేయాలని ఈ మాటలు వ్రాయడం లేదు. అప్పుడు ఈ సీమలో సుమారు 80 మంది పాళెగాళ్ళు ఉండేవారు. వారిని అణచడంలో మన్రో చాలా కఠినంగా నడుచుకున్నాడు. లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లే ఆ తీరును ఆక్షేపించారు. పైగా ఆయన హయాంలో భూమి శిస్తు దాదాపు సగం పెరిగింది. కంపెనీకి అంతకన్నా ఏం కావాలి?

ఆ శిస్తు వేసిన పద్ధతి గమనించదగ్గది. పొలం పొలం గొలుసులతో కొలిపించి, రెడ్లను, కరణాలను, ముఖ్యమైన రైతులను కూర్చోబెట్టి, ఏ భూమి ఏ తరగతో వారిచేతే చెప్పించేవాడు. మధ్యలో జమీందారు లేకుండా రైతుతోనే లెక్క. దీనినే రైత్వారీ అన్నారు.

ఇంత చేసి, 1807 ఆగస్టులో పదవి విడిచే ముందు పై అధికారులకు నివేదిక వ్రాశాడు. తాను వేసిన శిస్తు పంటలో నూటికి 45 వంతుల దాకా ఉందనీ, మూడో వంతుకు మించితే రైతు నిలబడలేడనీ అందులో తేల్చాడు. అన్ని భూములపై నూటికి 25, బావుల కింద సాగయ్యే భూములపై 33 తగ్గించమన్నాడు. బావి తవ్వుకొని బతికే పెనుకొండ, హిందూపురం సీమ రైతుకు ఆ రెండో అంకె ఎంత ముఖ్యమో మీకు వేరే చెప్పనక్కరలేదు. వసూలులో పేరు తెచ్చుకున్న అధికారి, ఆ పేరు తెచ్చిన లెక్కనే భారమని కాగితం మీద పెట్టాడన్నమాట.

కంపెనీ వినలేదు. మన్రో స్వదేశానికి వెళ్ళగానే రైత్వారీని పక్కనబెట్టి, ఊళ్ళను మూడేళ్ళ గుత్తలకు, తర్వాత పదేళ్ళ గుత్తలకు ఇచ్చింది. వానలు లేక, ధాన్యం ధర పడిపోయి ఎందరో గుత్తదారులు దివాలా తీశారు. ఊళ్ళు పాడయ్యాయి. ఇంగ్లండులో మన్రో పార్లమెంటు ముందు సాక్ష్యమిచ్చి రైత్వారీ కోసం వాదించాడు. 1820లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. పదమూడేళ్ళ కిందట తాను కోరిన తగ్గింపు ఆ సంవత్సరమే దత్తమండలంలో అమలైంది. ఆ పదమూడేళ్ళూ ఆ భారం మోసింది మాత్రం రైతులే.

అదే 1820 జూన్‌లో మద్రాసులోని ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీలో యువ అధికారుల ముందు మాట్లాడుతూ, ప్రజల భాష రానివాడు వారిని సరిగా పాలించలేడని బోధించాడు. విన్నవారిలో సి.పి. బ్రౌన్ ఒకడు. ఆ మాటలే తనను తెలుగు వైపు నడిపించాయని బ్రౌన్ తర్వాత వ్రాసుకున్నాడు. వేమన పద్యాలను వెలికితీసిన బ్రౌన్, నిఘంటువు కూర్చిన బ్రౌన్ ఈయనే. 1822లో మన్రో రాజధాని అంతటా బడుల లెక్క తీయించాడు. పెద్ద ఉద్యోగాలు భారతీయులకు ఇవ్వాలనీ, నమ్మకం ఉంచనిదే ఏ జాతీ ఎదగదనీ 1824లో వాదించాడు. అది కంపెనీ దొరల చెవికి ఎక్కే మాట కాదు.

రాజీనామా ఇచ్చి, 1827లో వెళ్ళిపోయే ముందు దత్తమండలాన్ని మరొక్కసారి చూడాలని బయలుదేరాడు. ఎండలు, పైగా దారిలో కలరా. జూలై 6న పత్తికొండలో ఆ జబ్బుతోనే మరణించాడు. గుత్తిలో సమాధి చేశారు. తర్వాత అస్థికలను మద్రాసు సెయింట్ మేరీ చర్చికి తీసుకువెళ్ళారు. కడప, అనంతపురం పల్లెల్లో తల్లిదండ్రులు మగపిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకునేవారు.