కండర శక్తి రహస్యం – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

భీమవరంలో 1895లో జన్మించిన సుబ్బారావు గారి పేరు చెప్పగానే మనవారికి మందులు గుర్తుకు వస్తాయి. ఆయన తొలి ఘనవిజయం మాత్రం ఒక రంగు ఆలస్యంగా రావడంతో మొదలైంది.

మద్రాసులో వైద్యం చదివి, భార్య శేషగిరి గారిని స్వదేశంలో విడిచి బోస్టన్ చేరారు. రాత్రిళ్లు ఆసుపత్రిలో చిన్న కొలువు చేసుకుంటూ చదివారు. తరువాత హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి, భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆమ్లంతో కూడిన మాలిబ్డేటు, మరికొన్ని రసాయనాలు కలిపితే నీలిరంగు వస్తుంది. రంగు చిక్కదనాన్ని బట్టి భాస్వరం ఎంతో తేలుతుంది. కండరం నుంచి తీసిన ద్రవంలో మాత్రం ఆ నీలం వెంటనే పూర్తిగా రాలేదు, నిదానంగా పెరిగింది. మరొకరైతే పొరపాటనుకొని పారబోసేవారేమో! ఏదో పదార్థం ఆ ఆమ్లంలో మెల్లగా విడిపోతూ భాస్వరాన్ని వదులుతున్నదని వీరు గ్రహించారు. అదే 1927లో లోకానికి తెలిసిన ఫాస్ఫోక్రియాటిన్. కండరం పనిచేస్తే అది విడిపోతుంది, విశ్రమిస్తే మళ్లీ కూడుకుంటుంది. ఈ చర్య ఇరువైపులా నడిచేది కనుకనే కండరం మళ్లీ పనికి సిద్ధమవుతుంది. అంతవరకు లాక్టిక్ ఆమ్లమే కండర శక్తికి మూలమని నమ్మిన శాస్త్రజ్ఞులు పునరాలోచనలో పడ్డారు. 1929లో ఏ.టి.పి.ని కూడా వీరు వేరుచేశారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా సాధించారు.

ఇంత చేసినా హార్వర్డులో స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో లెడర్లే సంస్థకు వెళ్లారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది; ఆయన అన్నగారిని బలిగొన్న స్ప్రూ అనే పేగుల జబ్బుకు అది మందయింది. 1948 ఆగస్టులో అమెరికాలోనే కన్నుమూశారు. శేషగిరి గారిని మళ్లీ చూడనేలేదు.