రామానుజన్‌కు దారి చూపిన లేఖలు

గణితశాస్త్ర చరిత్రలో శాశ్వతకీర్తి నార్జించిన శ్రీనివాస రామానుజన్ 1887 డిసెంబరు 22వ తేదీన ఈరోడు పట్టణమున మాతామహుల యింట జన్మించెను. తండ్రి కుంభకోణమున ఒక బట్టల దుకాణములో గుమాస్తా. బాలుడు అచ్చటి టౌన్ హైస్కూలులో చదివి, 1904లో గణితమునకు బహుమానమును, కళాశాలలో విద్యార్థివేతనమును పొందెను.

కాని కళాశాలలో చేరిన పిమ్మట అతనికి లెక్కలు తప్ప మరియొకటి రుచింపలేదు. ఆంగ్లమున తప్పుటచే విద్యార్థివేతనము పోయెను. 1905లో ఎవరికిని చెప్పక ఇల్లు విడిచి మన విశాఖపట్టణమునకు వచ్చి, కొలదికాలముండి మరలిపోయెను. తరువాత మద్రాసులోని పచ్చయప్ప కళాశాలలో చేరెను గాని ఎఫ్. ఏ. పరీక్ష ఎన్నడును గట్టెక్కలేదు. 1909లో వివాహమైనది. సంసారభారము మీద పడినది. చేతిలో పట్టము లేదు. సూత్రములతో నిండిన నోటుపుస్తకములు మాత్రము కలవు.

1910లో అతడు తిరుక్కోయిలూరునకు పోయి, డిప్యూటీ కలెక్టరగు వి. రామస్వామి అయ్యరును దర్శించి, ఒక చిన్న గుమాస్తా పని నర్థించెను. అయ్యరు భారత గణిత సంఘమును స్థాపించినవాడు. నోటుపుస్తకమును తిరుగవేసి చూచిన పిమ్మట, ఇట్టివానిని కచేరిలో దస్తావేజుల నడుమ కూర్చుండబెట్టుటకు ఆయనకు మనసొప్పలేదు. ఉద్యోగమునకు బదులు, మద్రాసులో గణిత మెరిగిన మిత్రులకు లేఖలు వ్రాసి యిచ్చెను. వారిలో పి. వి. శేషు అయ్యరు కుంభకోణమున రామానుజన్‌కు గురువు. ఆయన తన శిష్యుని నెల్లూరు కలెక్టరగు ఆర్. రామచంద్రరావు కడకు పంపెను.

నేనును ఉపాధ్యాయుడనై ఎందరకో యోగ్యతాపత్రములు వ్రాసితిని. పెద్ద హోదా గలవారి సంతకమునకై పరుగెత్తిన విద్యార్థులే ఎక్కువ. తమ పనిని పుటపుటగా చూచిన గురువును తలచుకొన్నవారు తక్కువ. రామచంద్రరావు కలెక్టరే, కాని ఆయన గణిత సంఘమునకు కార్యదర్శి కూడ. మొదట ఆయనకు నమ్మకము కుదరలేదు. మరల మరల వచ్చిన యువకుని సూత్రములను ఓపికతో విన్న మీదటనే విశ్వాసము కలిగి, నెలకు 25 రూపాయలు తన సొంత ధనము నుండి ఇయ్యసాగెను.

పరులపై ఆధారపడుట రామానుజన్‌కు కష్టమయ్యెను. 1912 ఫిబ్రవరిలో మద్రాసు పోర్టు ట్రస్టునకు దరఖాస్తు చేయుచు, ప్రెసిడెన్సీ కళాశాల గణితాచార్యుడు మిడిల్‌మాస్టు తన గణితశక్తిని గూర్చి వ్రాసిన లేఖను జతపరచెను. నెలకు 30 రూపాయల జీతముపై గుమాస్తా పని దొరకినది.

మరుసటి యేడు వాతావరణ శాస్త్రజ్ఞుడు గిల్బర్టు వాకరు మద్రాసునకు వచ్చి ఆ నోటుపుస్తకములను చూచెను. కేంబ్రిడ్జిలో గణితము చదివినవాడయ్యు, ఆ శాఖలో తనకు ప్రత్యేక పరిశ్రమ లేదనియు, ఫలితములలో సంపూర్ణత చాలదనియు ఆయన విశ్వవిద్యాలయమునకు దాపరికము లేక వ్రాసెను. అయినను ఆ స్వతంత్ర ప్రతిభ కేంబ్రిడ్జి విద్వాంసులకు తీసిపోదనియు, ఈతనికి జీవనచింత లేకుండ చేయుట యుక్తమనియు తెలిపెను. తనకు తెలిసినదెంతయో, తెలియనిదెంతయో స్పష్టముగా చెప్పిన ఇట్టి లేఖ అరుదు. పట్టము లేని రామానుజన్‌కు విశ్వవిద్యాలయము నెలకు 75 రూపాయల పరిశోధక వేతనమిచ్చెను.

ఆ 1913వ సంవత్సరముననే అతడు స్వయముగా కేంబ్రిడ్జికి వ్రాసిన లేఖ హార్డీ పండితుని కంటబడెను. అంతకుముందు మరి ఇద్దరు ఆచార్యులకు వ్రాసిన లేఖలు నిష్ఫలములైనవి. 1914లో రామానుజన్ ఇంగ్లండునకు పయనమయ్యెను. 1918లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. ఆరోగ్యము చెడి స్వదేశమునకు తిరిగివచ్చి, 1920 ఏప్రిల్ 26వ తేదీన ముప్పదిరెండేండ్ల వయస్సున మరణించెను. అతని నోటుపుస్తకములలోని సూత్రములకు ఉపపత్తులు కనుగొనుటకు గణితజ్ఞులకు పలు దశాబ్దములు పట్టినవి.