పులి ఫొటో తీసిన రాజా దీన్‌దయాళ్

గోడపత్రికకు ఒక గొప్పవారి జీవితం రాయమన్నారు. నేను రాజా లాలా దీన్‌దయాళ్ గారి గురించి రాస్తున్నాను. టూరులో పాతబస్తీకి పోయినప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో పాత ఫొటోలు చూశాను. అవి ఎవరు తీసేవారో అని వచ్చాక లైబ్రరీ పుస్తకంలో వెతికాను. అప్పుడే ఈయన పేరు తెలిసింది.

ఆయన 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టారు. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో ఉద్యోగం చేశారు. 1874లో, ముప్పై ఏళ్ళ వయసులో కెమెరా పట్టారు. తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆయన్ని తన దర్బారు ఫొటోగ్రాఫరుగా పెట్టుకుని, రాజా బిరుదు ఇచ్చారు. ఆయన చార్మినార్, ఫలక్‌నుమా ఫొటోలు తీశారు. పరదాలో ఉండే ఆడవాళ్ళ కోసం 1892లో వేరే స్టూడియో పెట్టి, ఒక ఇంగ్లీషు ఆమెకు అప్పగించారు. 1905లో బొంబాయిలో చనిపోయారు. 2006లో ఆయన పేరు మీద తపాలా బిళ్ళ వచ్చింది.

ఇప్పుడు నా మనసులో ఉన్నది చెప్తాను. నిజాంకు పులుల వేటంటే చాలా ఇష్టం. వేటకు పోతే కెమెరా కూడా వెంట పోయేది. 1902లో వైస్రాయి కర్జన్ దొర వరంగల్ జిల్లా నెక్కొండ అడవికి వేటకొచ్చాడు. దీన్‌దయాళ్ గారి స్టూడియో తీసిన ఫొటోలో దొర, దొరసాని నిలబడి ఉన్నారు. ముందు పులి చచ్చి పడి ఉంది. దాన్ని చూస్తే నాకు ఏడుపొచ్చింది.

ఆ కాలం కెమెరా పెద్ద పెట్టె. స్టాండు మీద పెట్టి, లోపల గాజు పలక పెట్టి తీయాలి. కదిలితే బొమ్మ మసకవుతుంది. అడవిలో పులి మనకోసం నిలబడుతుందా? చచ్చిన పులైతే కదలదు. అందుకే ఆయన్ని నేను తప్పు పట్టను. కానీ వేటల్లో డప్పులు కొట్టి పులిని తుపాకీ ముందుకు తోలే మనుషులు ఉండేవాళ్ళు. దొర పేరు పుస్తకంలో ఉంది. వాళ్ళ పేర్లు నాకు దొరకలేదు.

మాది నల్లమలలో చెంచు పెంట. మా చిన్నాయన అటవీశాఖ వాళ్ళతో పోయి చెట్లకు కెమెరాలు కడతాడు. పులి ముందునుంచి పోతే కెమెరా దానంతటదే ఫొటో తీస్తుంది. చారలు చూసి ఏ పులో గుర్తుపడతారు. సముద్రంలో కూడా అంతే. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి ఒడ్డుకు వేల్ షార్క్ వచ్చి చిక్కుకుంది. చేపలన్నిటిలో అదే పెద్దది. దాన్ని చంపలేదు, మళ్ళీ నీళ్ళలోకి పంపారు. ఒంటి మీద మచ్చల ఫొటో ఉంటే చాలు, ఆ చేప మళ్ళీ ఎక్కడ కనబడ్డా గుర్తుపట్టొచ్చు.

మా చిన్నాయన కట్టిన కెమెరాలో పులి బతికే ఉంది. ఆ ఫొటో కింద చిన్నాయన పేరు లేదు. నేను బాగా చదువుకుని ఆ పేరు రాస్తాను.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని