మన్నుపొరలలో కాలమును చదివిన మాక్సు ఊలె

మనము కూర వండుకొను బంగాళాదుంపను మొట్టమొదట సాగుచేసినవారు దక్షిణ అమెరికాలోని ఆండీసు పర్వతవాసులు. వారికి దేవాలయములు, సన్నని నేతవస్త్రములు, చిత్రములు వ్రాసిన కుండలు కలవు. లిపి మాత్రము లేదు. 1532వ సంవత్సరమున స్పెయిను సైనికులు పెరూ దేశమును ప్రవేశించి ఇన్కా రాజ్యమును కూల్చిరి. పిమ్మట చాలకాలము వరకు అచ్చట కానవచ్చిన పాడుగోడలన్నియు ఇన్కా రాజులవే యని సామాన్యముగా తలచుచుండిరి. అంతకుముందు జీవించిన జనులకు చరిత్రలో వరుస నేర్పరచిన పండితుడు మాక్సు ఊలె. ఆయన జీవితమును మా విద్యార్థుల కొరకు సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఊలె 1856 మార్చి 25వ తేదీన జర్మనీలోని డ్రెస్డెను పట్టణమున జన్మించెను. ఆయన విశ్వవిద్యాలయమున నేర్చినది త్రవ్వకముల విద్య కాదు, భాషాశాస్త్రము. చీనా వ్యాకరణమును గూర్చి వ్యాసము వ్రాసి 1880లో పట్టము పొందెను. ప్రదర్శనశాలలో ఉద్యోగిగా నున్నప్పుడు ఆల్ఫోన్సు స్టూబెలు అను శాస్త్రజ్ఞుని స్నేహము లభించెను. స్టూబెలు బొలీవియాలోని తియహువనాకో శిథిలములను కొలిచి ఛాయాపటములు తెచ్చియుండెను. వానిని ముందుంచుకొని, ఆ దేశమును కంట చూడకయే, ఊలె ఆయనతో కలిసి 1892లో నొక పెద్ద గ్రంథమును ప్రకటించెను. ఆ శిల్పరీతి ఇన్కాలకంటె ప్రాచీనమైనదని ఇట్లు ఆయనకు ముందే తెలిసియుండెను. ఈ యెరుకయే పిమ్మట ఆయనకు మూలధనమైనది.

ఆ యేటనే ఓడ నెక్కెను. తియహువనాకో చేరి చూడగా, సైనికులు ఆ పురాతన విగ్రహములను గురిగా నుంచుకొని తుపాకులు కాల్చుచుండిరి! ఊలె మిన్నకుండక ఫిర్యాదు చేసెను.

ఆయన కీర్తికి ఆధారమైన పని 1896లో లీమా నగరమునకు దక్షిణమున, సముద్రము చెంతనున్న పచకామాకు అను పుణ్యక్షేత్రమున జరిగెను. అది వాన యెరుగని ఇసుకనేల. నూలుబట్టలు, కేశములు సైతము శతాబ్దములు చెడక నిలుచును. గుడి పాదమున త్రవ్వగా సమాధులు ఒకదానిపై నొకటి బయల్పడెను. నిధుల వెదకువాడైనచో మంచి వస్తువులను ఏరుకొని పోవును. ఊలె యట్లు చేయక, ఏ కుండ ఏ లోతున, ఏ గోడ క్రింద, ఏ సమాధిలో దొరకెనో వ్రాసికొనెను.

ఇందలి యుక్తిని బాలురు సులభముగా గ్రహింపగలరు. ఏటేట సున్నము కొట్టిన పాతగోడ పెచ్చు నొకదానిని తీసి చూడుడు. పూతలు పొరలుపొరలుగా నుండును. అన్నిటికంటె లోపలిది మొదటి యేటిది. అట్లే గోడ క్రింద కప్పబడిన సమాధి ఆ గోడకంటె పాతది కాక తప్పదు. పొరలను బట్టి కొంత, చిత్రరీతులను పోల్చి కొంత, ఆయన నిర్ణయించిన వరుస యిది: తొలుత తియహువనాకో రీతి కుండలు, పిమ్మట ఆ రీతి క్షీణించినవి, తరువాత ఎరుపు తెలుపు నలుపు రంగులవి, కట్టకడపట ఇన్కా కుండలు. చివరిదానికి కాలము తెలియును గనుక తక్కినవి దాని వెనుక బారులు తీరెను. 1903లో ఈ సంగతులు గ్రంథమై వెలువడెను.

1899 మొదలు ఫీబి హర్స్టు అను ధనవంతురాలి సాయముతో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము పక్షమున, మోచె లోయ మున్నగు తావుల త్రవ్వెను. దొరకిన వస్తువులు వేలకొలది సముద్రము దాటిపోయెను. పెరూ దేశీయులకిది బాధ కలిగించుట న్యాయమే. అయినను ఒక్కొక్క సమాధిలోని వస్తువులను వేరువేరుగా నుంచినందున, 1920 తరువాత క్రోబరు అను పండితుడు వానిని మరల పరీక్షించి ఆ వరుసను బలపరుపగలిగెను.

ఆయన చెప్పినదంతయు నిలువలేదు. ఆండీసు నాగరికత మధ్య అమెరికానుండి వచ్చినదని వృద్ధాప్యమున పట్టుపట్టెను. పెరూ కొండపల్లెలో పుట్టిన హూలియో తెయ్యో 1919లో చావీను శిథిలములను పరిశోధించి, ఆ నాగరికత స్వదేశమునందే మొలచినదని వాదించెను, ఊలె అంగీకరింపలేదు. పొరలను నమ్మిన మనుష్యుడు ఇచ్చట ఊహను నమ్మెనని మాకు తోచుచున్నది.

చిలీ, ఈక్వడారు దేశములందు పెక్కేండ్లు పనిచేసి 1933లో స్వదేశమునకు మరలెను. 1939లో పండితసభకై లీమాకు పోగా యుద్ధము వచ్చి అచ్చటనే చిక్కుకొని, 1942లో గాని తిరిగి రాలేకపోయెను. 1944 మే 11వ తేదీన, 88వ యేట మరణించెను.

పొరలు ముందువెనుకలను చెప్పును గాని ఏండ్లను లెక్కింపవు. ఆ లెక్క 1949లో లిబ్బి అను అమెరికా రసాయనశాస్త్రజ్ఞుడు కనుగొనెను. ప్రాణి బ్రతికియున్నంతకాలము గ్రహించిన రేడియో కర్బనము, మరణించినపిమ్మట సుమారు 5,730 ఏండ్లకు సగమగును. మిగిలినదానిని కొలిచిన వయస్సు తెలియును. పెరూ తీరపు ప్రాచీన వస్తువులు ఆ పరీక్షకు తొలుదొలుత పంపబడినవానిలో నుండెను. చిలీలోని అరికా తీరమున ఊలె వర్ణించిన బెస్తజాతివారు భద్రపరచిన శవములలో అతిప్రాచీనములు సుమారు 7,000 ఏండ్ల నాటివని తరువాత తేలెను.