పళ్ల డాక్టరు ఫాతిమా

నేను క్లినిక్ తెరిచిన మొదటి నెలలో వచ్చిన పేషెంట్లు మొత్తం పదకొండు మంది. అందులో నలుగురు మా చుట్టాలే, వాళ్ల దగ్గర ఫీజు తీసుకోలేను. ఒకాయనైతే గుమ్మం దాకా వచ్చి, డాక్టరుగారు ఎప్పుడొస్తారని నన్నే అడిగి వెనక్కి వెళ్లిపోయాడు. గది అద్దె, కుర్చీ వాయిదా, కంప్రెషర్ మోత, వీటి మధ్య ఖాళీగా కూర్చుని పాత పత్రికలు తిరగేస్తుంటే ఓ వ్యాసంలో మహమ్మదాలీ జిన్నా చెల్లెలు ఫాతిమా దంతవైద్యురాలని ఒక్క వాక్యం కనిపించింది. బొంబాయిలో క్లినిక్ పెట్టింది, తర్వాత మూసేసింది. అంతే. ఆ పైన అంతా రాజకీయాలే.

పెట్టింది, మూసేసింది. రాసేవాళ్లకి రెండు మాటలు. పెట్టిన వాళ్లకి తెలుస్తుంది ఆ రెండు మాటల మధ్య ఏముంటుందో. అప్పట్నుంచీ ఆవిడ గురించి ఎక్కడ కనిపించినా వదలకుండా చదువుతూ వచ్చాను.

ఫాతిమా 1893లో కరాచీలో పుట్టారు. అన్నకీ ఆవిడకీ దాదాపు పదిహేడేళ్ల తేడా. తల్లి పసితనంలోనే పోయింది. తండ్రి కూడా పోయాక పిల్ల బాధ్యత అన్న మీద పడింది. అప్పటికే ఆయన బొంబాయిలో బారిస్టరు. 1902లో చెల్లెల్ని బాంద్రా కాన్వెంటులో చేర్చి, హాస్టల్లో పెట్టాడు. ముస్లిం ఇంటి ఆడపిల్లని క్రైస్తవుల బడికి, అందులోనూ హాస్టలుకి పంపడమా అని బంధువులు గొడవ చేశారు. ఆయన విన్లేదు. ఆ తర్వాత ఖండాలాలో సెయింట్ పాట్రిక్స్ స్కూలు, 1913లో సీనియర్ కేంబ్రిడ్జి పరీక్ష. చదువైపోయాక అన్న ఇంట్లోనే ఉండి ఇల్లు చూసుకుంటూ వచ్చారు.

1918లో జిన్నా రతన్‌బాయి పెతీత్‌ని పెళ్లి చేసుకున్నాడు. అందరూ రుట్టీ అని పిలిచే ఆ అమ్మాయికి అప్పుడు పద్దెనిమిదేళ్లు. ఫాతిమాకి పాతిక దగ్గర పడుతోంది. ఇంట్లోకి వదిన వచ్చింది. అన్నాళ్లూ ఇంటి తాళాలు తన దగ్గరుంచుకున్న ఆడపడుచు ఇప్పుడేం చెయ్యాలి? మన ఇళ్లల్లో దీనికి రెండే జవాబులు. పెళ్లి చేసుకుని వెళ్లిపోవడం, లేదా ఆ ఇంట్లోనే ఓ మూల సర్దుకోవడం. ఫాతిమా మూడోది వెతుక్కున్నారు. కలకత్తా వెళ్లి దంతవైద్యం చదివారు.

ఆ కాలేజీ కథ కూడా చెప్పాలి, బాగుంటుంది. డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ అమెరికాలో, అయోవాలో దంతవైద్యం చదివి వచ్చి, 1920లో కలకత్తాలో మన దేశంలోనే మొదటి డెంటల్ కాలేజీ పెట్టాడు. డబ్బెక్కడిది? న్యూయార్క్ సోడా ఫౌంటెన్ అని ఐస్‌క్రీముల దుకాణం నడిపి, ఆ రాబడి కాలేజీలో పోశాడు. ఒక చేత్తో పళ్లు పాడుచేసి, రెండో చేత్తో బాగుచేశాడన్నమాట అని మా క్లాసులో నవ్వుకునేవాళ్లం. ఫాతిమా అక్క మరియం కుటుంబం కలకత్తాలోనే ఉంది. అయినా ఆవిడ హాస్టల్లో ఉండే చదువుకున్నారు. ఇది నాకు బాగా నచ్చిన సంగతి. అక్కా బావల ఇంట్లో ఉంటే వంటకీ పిల్లలకీ సాయం పట్టకుండా పుస్తకం పట్టుకుని కూర్చోగలమా?

1923లో చదువు ముగించుకుని బొంబాయి వచ్చి, అబ్దుల్ రెహమాన్ స్ట్రీట్‌లో క్లినిక్ తెరిచారు. అప్పటికి ఆవిడకి ముప్ఫయ్యేళ్లు.

ఆ రోజులు ఒక్కసారి ఊహించండి. పన్ను నొప్పెడితే మంగలి దగ్గరికో, బజార్లో పట్టకారు పట్టుకుని కూర్చున్న వాడి దగ్గరికో వెళ్లడం జనానికి అలవాటు. ఎవరైనా సరే పళ్ల డాక్టరునని బోర్డు కట్టుకోవచ్చు. దేశమంతటికీ వర్తించే దంతవైద్యుల చట్టం 1948లోగానీ రాలేదు. కాబట్టి చదివిన వాళ్లకీ చదవని వాళ్లకీ తేడా పేషెంటుకి తెలియదు, చేసి చూపించాలి. పుచ్చు తొలిచే డ్రిల్లు చాలాచోట్ల కుట్టుమిషనులా కాలితో తొక్కేదే. కాలు తొక్కుతూ, చెయ్యి వణక్కుండా, పేషెంటు తల కదలకుండా చూసుకోవాలి. మత్తు సూది అప్పటికే ఉంది గానీ, చీము పడితే ఇవ్వడానికి యాంటీబయాటిక్ లేదు. పనిముట్లు నీళ్లలో మరిగించుకోవాలి. వీటన్నిటికీ తోడు, చెయ్యేసేది ఆడమనిషి. మొగవాళ్లు నమ్మరు. పర్దాలో ఉండే ఆడవాళ్లకి మాత్రం మొహం మీద ముసుగు తీసి పరాయి మగాడి ముందు నోరు తెరవక్కర్లేదంటే అది ఎంత ఊరటో!

అన్నగారు బొంబాయి హైకోర్టులో పెద్ద బారిస్టరు. డబ్బుకి ఇబ్బంది లేదు, ఆయన ప్రోత్సాహమూ ఉంది. నాలా కుర్చీ వాయిదాల కోసం గాజులు కుదువ పెట్టాల్సిన అవసరం ఆవిడకి రాలేదు. ఒప్పుకుంటాను. కానీ పలుకుబడి గల అన్న గది ఇప్పించగలడు, సామాను కొనివ్వగలడు. నొప్పితో వచ్చిన మనిషి మళ్లీ వచ్చేలా చేసేది మాత్రం డాక్టరు చెయ్యే. పైగా ఆవిడ తన క్లినిక్‌తో ఊరుకోలేదు. ధోబీ తలావ్‌లోని మునిసిపల్ క్లినిక్‌లో పేదవాళ్లకి ఉచితంగా వైద్యం చేసేవారు.

ఓసారి ముంబయి వెళ్లినప్పుడు పనిగట్టుకుని ఆ వీధికి వెళ్లాను. క్రాఫర్డ్ మార్కెట్ పక్కనే. స్టేషనరీ హోల్‌సేల్ దుకాణాలు, నెత్తిన మూటలతో కూలీలు, అడుగు తీసి అడుగు వెయ్యడానికి లేదు. మేడల వైపు చూస్తూ వీధి చివరిదాకా నడిచాను. ఆవిడ గుర్తు ఏదీ కనిపించలేదు. నాతో వచ్చిన మా అమ్మాయి ఎండకి విసుక్కుంది.

ఆరేళ్లు అలా నడిచింది. 1929 ఫిబ్రవరిలో రుట్టీ చనిపోయింది. ఆమెకి ఇరవైతొమ్మిదేళ్లు. కూతురు దీనాకి తొమ్మిదేళ్లు. అన్న ఒంటరివాడయ్యాడు. ఫాతిమా క్లినిక్ మూసేసి మలబార్ హిల్‌లో అన్న బంగళాకి మారిపోయారు.

ఇక్కడికి వచ్చేసరికి పుస్తకాలన్నీ ఆవిడ త్యాగాన్ని మెచ్చుకుంటాయి. నాకు మాత్రం ఆ క్లినిక్‌కి తాళం వేసిన రోజే కళ్ల ముందు ఆడుతుంది. 1999లో మా మామగారికి పక్షవాతం వస్తే నేనూ తాళం వేశాను. మా ఇంట్లో నన్నెవరూ బలవంతపెట్టలేదు. అసలు అడగనే లేదు. నేను మానేస్తానని అందరికీ తెలిసిపోయింది, నాతో సహా. మా వారి ఉద్యోగం సంగతి ఎవరి నోటా రాలేదు. ఏడాదిన్నర తర్వాత తెరిచి చూస్తే కుర్చీ రెక్సిను ఎలకలు కొట్టేశాయి. సగం కట్టిన పళ్లతో ఉన్న నా పేషెంట్లు ఇంకో డాక్టరు దగ్గర పూర్తి చేయించుకున్నారు.

ఫాతిమా మళ్లీ తెరవలేదు. లండన్ వెళ్లినా, తిరిగి బొంబాయి వచ్చినా, 1947లో కరాచీ చేరినా అన్నతోనే. ఆయన ఇల్లు, ఆరోగ్యం, సభలు ఆవిడే చూసుకున్నారు. 1948లో జిన్నా పోయేనాటికి ఆవిడకి యాభైఅయిదేళ్లు. అదంతా సేవే, ఇష్టంతో చేసిందే కావచ్చు. ఆయన రాజకీయాలు మనకి నచ్చాయా లేదా అన్నది వేరే సంగతి. కానీ చదివిన చదువు, ఆరేళ్లలో చేతికొచ్చిన పనితనం, అలవాటుపడ్డ పేషెంట్లు, ఇవన్నీ ఆ ఇంటి లెక్కలో ఎక్కడ రాశారు?

పని చేతకాని మనిషా అంటే, కాదు. డెబ్భయ్యొక్కేళ్ల వయసులో సైనిక పాలకుడు అయూబ్ ఖాన్ మీద అధ్యక్ష పదవికి పోటీ చేశారు. లాంతరు గుర్తు. దేశమంతా తిరిగారు. 1965 జనవరి ఎన్నికలో ఓడిపోయారు. 1967 జూలై 9న కరాచీలో కన్నుమూశారు.

1992లో కరాచీలో ఆవిడ పేరుతో ఓ డెంటల్ కాలేజీ వెలిసింది. ఆ సంగతి తెలిసిన రోజు సాయంత్రం క్లినిక్‌లో మా కాంపౌండరు కుర్రాడికి చెప్పాను. ఎవరండీ ఆవిడ అన్నాడు. జిన్నా చెల్లెలని చెప్పబోయి ఆగి, బొంబాయిలో పళ్ల డాక్టరు అని చెప్పాను.