చంపే విషం వేరు, బాధించే విషం వేరు: హకీం రాజీ చూపిన దారి

విషం అనగానే ప్రాణం తీసేదే అనుకుంటాం. కానీ ప్రాణం తీయకుండా మనిషిని బాధపెట్టే విషాలూ ఉన్నాయి. ఈ తేడాను పాత గ్రంథాల్లో చదివి ఊరుకోకుండా, కళ్లారా చూసి రాసిపెట్టిన హకీం అబూబకర్ ముహమ్మద్ బిన్ జకరియా రాజీ.

నేటి టెహ్రాన్ పక్కనే ఉన్న రయ్ పట్టణంలో, క్రీ.శ. 865 ప్రాంతంలో ఆయన పుట్టారు. లోహాలను కరిగించడం, లవణాలను ఆవిరి పట్టడం లాంటి కీమియా పనుల్లో ఆరితేరారు. రయ్‌లోనూ, బాగ్దాద్‌లోనూ దవాఖానాలకు పెద్ద హకీంగా పనిచేశారు. మశూచికి, తట్టుకు తేడా చెబుతూ ఆయన రాసిన పుస్తకం యూరప్‌లో కూడా వందల ఏళ్లు చదివారు.

కీమియా గదిలో పాదరసం ఆయనకు బాగా తెలిసిన వస్తువే. అది కడుపులోకి పోతే ఏమవుతుంది? తెలుసుకోవడానికి ఒక కోతికి తాగించి, పక్కనే ఉండి గమనించారు. కోతి చావలేదు. కానీ మెలికలు తిరిగింది, పళ్లు కొరికింది, చేతులతో పొట్ట పట్టుకుంది. మామూలు పాదరసం మింగితే కడుపునొప్పి వస్తుంది, తర్వాత అది బయటికి వెళ్లిపోతుందని ఆయన రాశారు. అదే పాదరసాన్ని ఆవిరి పట్టి తయారుచేసిన లవణం మాత్రం ప్రాణాంతకమని హెచ్చరించారు. వస్తువు ఒకటే, రూపం మారితే హాని మారిపోతుందన్నమాట.

మనుషుల విషయంలోనూ ఆయన పద్ధతి ఇదే. సర్సామ్ అనే మెదడు జబ్బు లక్షణాలు కనిపించినప్పుడు కొందరికి రక్తం తీయించారు, ఇంకొందరికి కావాలనే తీయించలేదు. ఆ తర్వాత రెండు గుంపులనూ పోల్చి చూశారు. పెద్దలు చెప్పారు కదా అని జాలీనూస్ మాటను కూడా గుడ్డిగా నమ్మలేదు, సందేహాలన్నీ ఒక పుస్తకంగానే రాశారు.

మరి ఆ కోతి బాధ సంగతేంటి? మూగజీవాలను అనవసరంగా హింసించకూడదని, బండజంతువులను శక్తికి మించి తోలకూడదని రాసింది కూడా ఈ రాజీయే. ఎంత హాని ఎంత మేలు కోసం అన్న ప్రశ్న నేటికీ ప్రతి ప్రయోగశాలలో ఉంది. కొత్త మందు మనిషి దాకా రాకముందు ఎంత మోతాదు దెబ్బతీస్తుంది అని పరీక్షిస్తున్నారు.

చివరి రోజుల్లో ఆయన చూపు పోయింది. 925 ప్రాంతంలో రయ్‌లోనే కన్నుమూశారు. ఆయన రాసుకున్న నోట్సునంతా తర్వాతివాళ్లు కూర్చి అల్ హావీ అనే మహాగ్రంథంగా చేశారు. దాని అరబీ మూలాన్ని 23 భాగాలుగా, 1955 నుంచి అచ్చువేసింది ఎక్కడో కాదు, మన హైదరాబాద్‌లోని దాయిరతుల్ మఆరిఫ్ ఉస్మానియా.

పాదరసం మింగిన కోతి బతికింది నిజమే. అయితే దాని ఆవిరి పీలిస్తే నరాలు, కిడ్నీలు దెబ్బతింటాయని ఇప్పుడు మనకు తెలుసు. ఇంట్లో పాత థర్మామీటర్ పగిలితే పిల్లల్ని ఆ మెరిసే బొట్లతో ఆడనివ్వొద్దు. చావకపోతే చాలు, హాని లేనట్టే అనుకోవడం తప్పని వెయ్యేళ్ల కిందటే రాజీ చూపించారు.