కుడిచేతి కుమారుడు – బెన్యామీను

యాకోబు పండ్రెండుగురు కుమారులలో కడపటివాడు బెన్యామీను. అతని నిమిత్తము తండ్రి కన్నీరు విడిచెను, అన్నలు వస్త్రములు చింపుకొనిరి. అయినను ఆదికాండమంతటిలో అతడు పలికిన ఒక్క మాటయైనను వ్రాయబడలేదు. అతనిని గూర్చి మాటలాడునది అతని పేరే. ఈ శతవార్షికోత్సవ సంచికలో ఆ పేరును, అందులోని యామీన్ అను హెబ్రీ పదమును సంఘస్థుల యెదుట ఉంచగోరుచున్నాము.

యాకోబు కుటుంబము బేతేలునుండి బయలుదేరి ఎఫ్రాతాకు ఇంకను కొంత దూరమున ఉండగా రాహేలునకు ప్రసవవేదన కలిగెను (ఆది. 35). బిడ్డలు లేనియెడల చనిపోదునని ఒకప్పుడు భర్తతో వాదించిన ఆమె, ఇప్పుడు బిడ్డను కనుచు చనిపోయెను. మగబిడ్డ పుట్టెనని మంత్రసాని ధైర్యము చెప్పినను ప్రాణము నిలువలేదు. పోవుచున్న ప్రాణముతో ఆమె బిడ్డకు బెనోని అని పేరుపెట్టెను. నా దుఃఖ పుత్రుడని దాని భావము. యాకోబు ఆ పేరును నిలువనియ్యలేదు. బెన్యామీను, అనగా కుడిచేతి కుమారుడు అని పిలిచెను. తన కుమారులలో అతడు పేరు మార్చినది ఈ ఒక్కనికే. రాహేలు కొరకు పదునాలుగు సంవత్సరములు కొలువు చేసినవాని దుఃఖము తక్కువదా? సమాధిమీద స్తంభము నిలిపి ఏడ్చెను గాని, ఆ దుఃఖమును పసిబిడ్డ నెత్తిన పెట్టలేదు.

యామీన్ అనగా కుడి. హెబ్రీయులు తూర్పుముఖముగా నిలిచి దిక్కులు చెప్పుదురు గనుక కుడివైపు దక్షిణమాయెను. 89వ కీర్తనలో ఉత్తరమునకు ఎదురుగా దక్షిణమని మనము చదువుచోట మూలములో ఉన్నది ఈ పదమే. ఇది తెలుగువారికి వింత కాదు. మన భాషలోను దక్షిణమను మాటకు కుడి అనియు, ఆ దిక్కు అనియు రెండర్థములున్నవి. దేవుని దక్షిణహస్తము అని మన బైబిలులో చదువుచున్నాము గదా. అన్నలందరు ఉత్తరమున పద్దనరాములో పుట్టగా ఇతడు కనానులో పుట్టెను గనుక దక్షిణదేశపు కుమారుడను భావము కూడ చెప్పుదురు. 1933లో త్రవ్వకములు మొదలైన మారి పట్టణపు మట్టిపలకలలో దక్షిణపు కుమారులను అర్థముగల ఒక తెగ పేరు కనబడినది. అది ఈ గోత్రమే అని చెప్పుటకు ఆధారము చాలదు గాని, అట్టి పేరు ఆ కాలమున వాడుకలో ఉండెనని తెలియుచున్నది.

కుడివైపు గౌరవస్థానము. సొలొమోను తన తల్లిని కుడిపార్శ్వమున కూర్చుండబెట్టెను. కుడిచేయి బలమునకును ఆశీర్వాదమునకును గురుతు. యాకోబే ముసలితనమున చేతులు మార్చి కుడిచేతిని చిన్నవాడైన ఎఫ్రాయిము తలమీద ఉంచెను. తల్లిని పోగొట్టుకొనిన పసికందుకు తండ్రి ఇచ్చినది ఆ స్థానమే.

మన పల్లెలలో తల్లిని మింగి పుట్టినవాడను మాట వినని సంఘస్థులు అరుదు. మేము క్రొత్తగా పాస్టరేటు బాధ్యత తీసికొనిన దినములలో ఒక భూస్థాపన ఆరాధనయందు, అవ్వ ఒడిలోని నాలుగు దినముల బిడ్డను చూచి ఒకరు ఆ మాట అనిరి. మేము విని ఊరకుంటిమి. ప్రార్థన ముగించి వచ్చివేసితిమి. ఆ మౌనము ఈనాటికిని మమ్మును బాధించుచున్నది. అప్పటినుండి తల్లిలేని బిడ్డకు బాప్తిస్మమిచ్చునప్పుడు, తండ్రినే బిడ్డను ఎత్తుకొని పేరును అందరు వినునట్లు చెప్పుమని కోరుచున్నాము.

బెన్యామీను జీవితము సుఖముగా గడిచెనని చెప్పలేము. యోసేపు కనబడకపోయిన తరువాత తండ్రి ఇతనిని కనుచూపు దాటనియ్యలేదు. కరవు వచ్చినప్పుడు యూదా పూటపడిన మీదటనే ఐగుప్తునకు పంపెను. అక్కడ యోసేపు బల్లయొద్ద ఇతనికి ఐదంతలు వడ్డించిరి. మరునాడు ఇతని గోనెలోనే వెండిగిన్నె దొరికెను. తాను చేయని నేరమునకు దాసుడు కావలసిన గడియలో, ఇతనికి బదులుగా తానుందునని యూదా ముందుకు వచ్చెను. యోసేపును అమ్మించినవాడే ఇప్పుడు చిన్నతమ్ముని విడువలేదు. తరువాత బెన్యామీను పదిమంది కుమారులతో ఐగుప్తు చేరినవారి లెక్కలో కనబడుచున్నాడు.

కుడిచేతి కుమారుని వంశమున పుట్టిన ఏహూదు ఎడమచేతివాటము గలవాడు. ఆ చేతితోనే అతడు మోయాబు రాజైన ఎగ్లోనును చంపి ఇశ్రాయేలును విడిపించెను (న్యాయా. 3). ఎడమచేతితో వ్రాసెనని పిల్లలను కొట్టువారు ఇది గమనింపవలెను. ఇదే గోత్రము గిబియా పాపముచేత నశించి 600 మంది పురుషులతో మిగిలెను. ఆ మిగిలినవారినుండి రాజైన సౌలు, మొర్దెకై, అపొస్తలుడైన పౌలు వచ్చిరి. పేరు మంచిదైనంత మాత్రమున పాపమునుండి కాపాడదు. కాని దేవుడు ఆ పేరును మరువలేదు.

ప్రియ సంఘస్థులారా, మన డయాసిస్ నూరు సంవత్సరములలో ఎందరో తల్లులు ఎఫ్రాతా మార్గమున పడిపోయిరి. వారి బిడ్డలు మన మధ్యనే ఉన్నారు. వారిని మన దుఃఖము పేరున పిలువక, మన కుడిప్రక్కను కూర్చుండబెట్టుదము. తండ్రి కుడిపార్శ్వమున ఆసీనుడైయున్న ప్రభువు మనకు అట్టి మనస్సు దయచేయును గాక. ఆమేన్.